నెపం ఓటరు మీదకు నెట్టొద్దు

ఎన్నికల సంస్కరణల ఊసెత్తితే చాలు, ఒక జవాబు తయారుగా ఉంటుంది. టీవీ చర్చల్లో రిటైరైన అధికారులు, పత్రికల్లో వ్యాసకర్తలు, పొద్దున్నే పార్కులో నడిచేవాళ్లు, పెళ్లి భోజనాల దగ్గర బంధువులు అందరూ అనేది అదే: "చట్టాలు మార్చి ఏం లాభం? ముందు జనం మారాలి. రెండు వేలకు ఓటు అమ్ముకునేవాళ్లు ఉన్నంతకాలం ఈ దేశంలో ఎన్నికలు బాగుపడవు."

ఈ వాదనను తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. దాని వెనక కళ్లారా చూసిన సంగతులున్నాయి. 2021లో హుజూరాబాద్, 2022లో మునుగోడు ఉప ఎన్నికలప్పుడు తమకు డబ్బు అందలేదని కొన్ని ఊళ్లలో ఓటర్లు రోడ్డెక్కారు. పక్క వీధికి కవర్లు వచ్చి మా వీధికి ఎందుకు రాలేదని కెమెరాల ముందే నిలదీశారు. చట్టం ప్రకారం కూడా ఇచ్చినవాడితో పాటు పుచ్చుకున్నవాడూ నేరస్థుడే. జయప్రకాశ్ నారాయణ్ లోక్‌సత్తా పార్టీ పెట్టి డబ్బు రాజకీయానికి ఎదురు నిలిస్తే, 2009లో ఆయన గెలిచిన కూకట్‌పల్లి తప్ప మరో సీటు దక్కలేదు. అడిగేవాడు ఉన్నాడు గనకే ఇచ్చేవాడు ఉన్నాడు, అడగడం మానేదాకా చట్టం కాగితం మీదే ఉంటుంది అన్నది వీళ్ల తర్కం. ఈ మాట నిజాయతీగా, బాధతో అనేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఆ బాధ నిజమే. తర్కం మాత్రం తప్పు. ఆ తప్పు వల్ల లాభపడుతున్నది ఎన్నికలను డబ్బుమయం చేసినవాళ్లే.

1. ఓటు నిజంగా అమ్ముడవుతోందా?

అమ్ముడైందంటే డబ్బిచ్చినవాడికి ఓటు చేరాలి. మన ఓటు రహస్యం. అట్టపెట్టె చాటున ఓటరు ఏ బటన్ నొక్కాడో కవరిచ్చినవాడికి తెలిసే దారి లేదు. పైగా మన దగ్గర డబ్బు ఒక్కరే ఇవ్వరు. పోలింగుకు ముందు రెండు మూడు రాత్రుల్లో ఒకే గుమ్మంలోకి రెండు పార్టీల కవర్లూ వస్తాయి. ఇద్దరి దగ్గరా తీసుకున్న ఓటరు ఇద్దరికీ ఓటు వేయలేడు. ఎవరికి వేయాలన్నది అప్పుడు కూడా తనే తేల్చుకోవాలి.

ఫలితాలు చూడండి. డబ్బే ఓటును నడిపిస్తే, ఖజానా, కాంట్రాక్టర్లు, యంత్రాంగం చేతిలో ఉన్న అధికార పార్టీ ఓడనే కూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో అధికారంలో ఉన్న తెలుగుదేశం 23 సీట్లకు కుదించుకుపోయింది. అప్పుడు 151 గెలిచిన వైఎస్సార్‌సీపీ, అధికారంలో ఉండగా జరిగిన 2024 ఎన్నికల్లో 11కు పడిపోయింది. తెలంగాణలో 2018లో 88 సీట్లు తెచ్చుకున్న పార్టీ 2023లో 39 దగ్గర ఆగిపోయింది. హుజూరాబాద్‌లో అప్పటి ప్రభుత్వం కుటుంబానికి పది లక్షల దళితబంధును అక్కడి నుంచే మొదలుపెట్టినా, ప్రత్యర్థిగా నిలబడ్డ ఈటల రాజేందర్‌నే జనం గెలిపించారు. మన ఓటరు డబ్బు ఒకచోట తీసుకుని తీర్పు ఇంకోచోట ఇచ్చిన ఉదాహరణలు ఒకటీ రెండూ కావు.

2024 మే 13న ఆంధ్రలో పోలింగు. ఆ ముందు రెండు మూడు రోజులు హైదరాబాద్ నుంచి విజయవాడ దారి సంక్రాంతి రద్దీని తలపించింది. పార్టీలు పెట్టిన బస్సులు ఉన్న మాట నిజమే. సొంత డబ్బుతో, రోజు కూలి వదులుకుని, రైల్లో నిలబడి ఊరికెళ్లినవాళ్లు కూడా వేలల్లో ఉన్నారు. కొన్ని కేంద్రాల్లో అర్ధరాత్రి దాటాక కూడా వరుసలు తరగలేదు. ఆ వరుసల్లో నిలబడ్డవాళ్లందరినీ ఓటు అమ్ముకునే జనం అనడానికి నోరెలా వస్తుంది?

ఇంకొంచెం వెనక్కి వెళ్తే, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారాకు ఎదురుతిరిగారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం ప్రధాన వాగ్దానమైంది, గెలిచిన ప్రభుత్వం 1995 జనవరిలో దాన్ని అమలులో పెట్టింది. చదువు లేని, చేతిలో పైసా లేని ఓటర్లు ఒక విధానాన్ని ఎన్నికల ఎజెండాగా మార్చిన చరిత్ర మన గడ్డ మీదే ఉంది.

డబ్బు తీసుకోవడాన్ని నేను సమర్థించడం లేదు. తీసుకున్నాక నాయకుణ్ణి గట్టిగా అడిగే గొంతు సన్నబడుతుంది, అది నిజమైన నష్టం. అయితే ఊళ్లలో దీని గురించి అడిగితే వచ్చే జవాబు వినాలి: "వాళ్ల సొమ్మా, మన సొమ్మే కదా." ఇది నాయకుడి సంపాదన ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిసినవాళ్లు అంటున్న మాట.

2. డబ్బు చేసే అసలు పని

గెలుపు ఖాయం చేయని డబ్బును అభ్యర్థి ఎందుకు పంచుతాడు? ఎదుటివాడు పంచుతున్నాడు గనక. తను మానేస్తే ఊళ్లో "వీడి పని అయిపోయింది" అన్న మాట పుడుతుంది, కార్యకర్తలు జారుకుంటారు. కాబట్టి ఈ డబ్బు బరిలోకి దిగడానికి కట్టే ప్రవేశ రుసుముగా మారింది. దాని దెబ్బ మొదట తగిలేది అభ్యర్థి ఎంపిక మీద. టికెట్ అడగడానికి వెళ్లినవాణ్ణి పార్టీ ఆఫీసులో మొదట అడిగే ప్రశ్న "ఎంత పెట్టుకోగలవు?" అన్నదే. నియోజకవర్గ సమస్యల మీద పట్టుందా, పదేళ్లు జెండా మోశాడా అన్నవి ఆ తర్వాతి సంగతులు.

రెండు రాష్ట్రాల్లోనూ అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. రెండు లక్షల ఓటర్లున్న నియోజకవర్గంలో మనిషికి వెయ్యి చొప్పున పంచితేనే ఇరవై కోట్లు. ఆ పంపకం ఎలా సాగుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. వంద ఓట్లకు ఒక ఇన్‌చార్జి. అతని చేతిలో ఓటర్ల జాబితా కాగితాలు. ఒక్కో పేరు పక్కన గుర్తు: మనవాళ్లు, అవతలివాళ్లు, ఊగేవాళ్లు, ఊళ్లో లేనివాళ్లు. పోల్ చీటీతో పాటు కవర్ చేరుతుంది. పట్నంలో ఉన్నవాళ్లకు ఫోన్లోకే పడుతుంది. మధ్యలో కొంత ఇన్‌చార్జి జేబులో ఉండిపోతుంది. "మాకు రాలేదు" అని రోడ్డెక్కినవాళ్లలో చాలామంది కోపం ఆ నొక్కేసిన సొమ్ము మీద.

ఇదే సమయంలో ఎన్నికల వ్యయ పరిశీలకుల దగ్గర ఒక ధరల పట్టిక ఉంటుంది. టీకి ఇంత, ఇడ్లీ ప్లేటుకు ఇంత, కుర్చీ అద్దె ఇంత, షామియానాకు ఇంత. సభకు వచ్చిన కుర్చీలు లెక్కపెట్టి అభ్యర్థి ఖాతాలో రాస్తారు. ఆ ఉద్యోగులు కష్టపడి పనిచేస్తారు, వాళ్లను అనడానికి లేదు. కానీ చట్టం వాళ్ల చేతికిచ్చిన బుట్టలో టీ కప్పులు పడతాయి, కోట్లు పడవు. 2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో పోలింగుకు పది రోజుల ముందే పట్టుకున్న నగదు, మద్యం, బంగారం, ఇతర తాయిలాల విలువ 650 కోట్లు దాటింది. అందులో ఎంత సొమ్ము ఏ అభ్యర్థి ఖాతాలోకి ఎక్కింది? ఎందరి పదవి పోయింది?

ఇక ఫలితం. 2024లో గెలిచిన 543 మంది లోక్‌సభ సభ్యుల్లో 504 మంది కోటీశ్వరులు. అఫిడవిట్ల ప్రకారం వాళ్లలో మొదటి ఇద్దరు సంపన్నులూ మన తెలుగువాళ్లే: గుంటూరు నుంచి పెమ్మసాని చంద్రశేఖర్ 5,700 కోట్లతో, చేవెళ్ల నుంచి కొండా విశ్వేశ్వర్ రెడ్డి 4,500 కోట్లకు పైగా ఆస్తితో. ఆస్తి ఉండటం తప్పు కాదు, వాళ్ల మీద నాకు వ్యక్తిగతంగా ఏ ఫిర్యాదూ లేదు. నా ప్రశ్న వేరు. బడి పంతులు, కౌలు రైతు, యూనియన్ నాయకురాలు గేటు బయటే ఆగిపోయాక, డబ్బు వడపోసి నిలబెట్టిన ఇద్దరిలో ఒకర్ని ఎంచుకోమని ఓటరుకు చెబుతున్నాం. ఆ ఎంపిక బాగాలేదని మళ్లీ అతన్నే తిడుతున్నాం.

3. "చట్టాలున్నాయి, జనమే పాటించరు"

ఇది వాదనలో అన్నిటికంటే బలహీనమైన లంకె. ఉన్న చట్టాలకు కన్నాలు పెట్టింది ఎవరో వరసగా చూస్తే తెలిసిపోతుంది.

1974 అక్టోబరులో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు ఒక సూటి మాట చెప్పింది: అభ్యర్థి గెలుపు కోసం పార్టీ పెట్టే ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలోకే వస్తుంది. అదే నెలలో ఆర్డినెన్స్ వచ్చింది, తర్వాత ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్‌కు వివరణ జోడించి ఆ తీర్పును రద్దు చేశారు. తర్వాత కొన్ని సవరణలు జరిగినా అసలు కన్నం పూడలేదు. నేటికీ అభ్యర్థికే పరిమితి, పార్టీకి లేదు. అభ్యర్థి లెక్క కూడా నామినేషన్ రోజు నుంచే మొదలవుతుంది. అంతకు ముందు పంచిన చీరలు, కుక్కర్లు ఆ ఖాతాలోకి రావు.

2002లో అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తులు ఓటరుకు తెలియాలని సుప్రీంకోర్టు అంటే, పార్టీలన్నీ ఒక్కటై ఆర్డినెన్స్, ఆ పైన చట్టం తెచ్చి దాన్ని నీరుగార్చాయి. 2003 మార్చిలో కోర్టు మళ్లీ కొట్టేస్తేనే ఈరోజు మనం చూస్తున్న అఫిడవిట్లు నిలిచాయి. 2013లో కేంద్ర సమాచార కమిషన్ ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని తేల్చింది. ఒక్క పార్టీ కూడా తలవంచలేదు. విదేశీ కంపెనీల విరాళాల విషయంలో కాంగ్రెస్, బీజేపీ రెండూ చట్టాన్ని ఉల్లంఘించాయని 2014లో ఢిల్లీ హైకోర్టు చెబితే, చట్టాన్నే వెనుక తేదీతో, చివరికి 1976 నుంచే వర్తించేలా మార్చేశారు. ఆ సవరణ 2018లో లోక్‌సభలో చర్చ లేకుండా దాటిపోయింది.

ఇక ఎన్నికల బాండ్లు. 2017 ఆర్థిక చట్టంతో దారి వేశారు. కంపెనీలు లాభాల్లో ఏడున్నర శాతం మించి ఇవ్వకూడదన్న గీతను చెరిపేశారు. ఎవరు ఎవరికి ఇచ్చారో ఓటరుకు తెలియకుండా చేశారు. 2024 ఫిబ్రవరి 15న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేశాక బయటికొచ్చిన లెక్కల్లో, 2019 ఏప్రిల్ నుంచి బాండ్ల విలువ 12 వేల కోట్లు దాటింది. అందులో సగం దాకా బీజేపీకి చేరింది. మూడున్నర కోట్ల జనాభా ఉన్న తెలంగాణలోని బీఆర్‌ఎస్‌కు 1,200 కోట్లు వచ్చాయి. కొనుగోలుదారుల్లో రెండో స్థానం హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. ఈ ఏడేళ్లలో పత్రికలు పతాక శీర్షికల్లో తిట్టింది రెండు వేల కవరు తీసుకున్న మనిషిని. వందల కోట్ల కవరు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో కోర్టు చెప్పేదాకా ఎవరికీ తెలియనివ్వలేదు.

ఓటుకు నోటు ఇవ్వడానికి చట్టంలో ఏడాది దాకా శిక్ష ఉంది, కానీ వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం కాదు. 2016లో తమిళనాడులో అరవకురిచ్చి, తంజావూరు ఎన్నికలను డబ్బు పంపిణీ వల్ల ఆపాల్సి వచ్చింది. ప్రజాప్రాతినిధ్య చట్టంలో బూత్ ఆక్రమణకు ఉన్న 58ఎ లాంటి సెక్షనే డబ్బు పంపిణీకీ పెట్టండని ఎన్నికల సంఘం కోరింది. కేంద్రం ఒప్పుకోలేదు. 2017లో ఆర్.కె.నగర్, 2019లో వేలూరు కూడా అలాగే రద్దయ్యాయి. వేలూరులో ఏ పార్టీవాళ్ల దగ్గర కోట్లు దొరికాయని ఎన్నిక ఆగిందో, ఆ పార్టీ అభ్యర్థే ఆగస్టులో మళ్లీ నిలబడి గెలిచారు. ఇందులో ఓటరు చేసిన తప్పేముంది?

పుచ్చుకున్నవాణ్ణి కూడా నేరస్థుణ్ణి చేసే నిబంధన వల్ల ఇంకో నష్టం ఉంది. పంచినవాడి మీద సాక్ష్యం చెప్పగలిగేది కవరు అందుకున్నవాడొక్కడే. నోరు విప్పితే తానూ జైలుకే. కాబట్టి కేసు నిలవదు. ఓటరు నీతి కోసం పెట్టామనుకున్న నిబంధన పంచేవాడికి రక్షణగా మారింది.

4. జనం మారకుండానే తగ్గిన రోగం

ఎనభైల్లో మన దగ్గర, ముఖ్యంగా సీమలో, ఎన్నికలంటే రిగ్గింగు. బ్యాలెట్ పుస్తకాలు లాక్కుని గుద్దేయడం, ఏజెంట్లను తరిమేయడం మామూలు. అప్పుడు కూడా ఇదే పాట: ఈ జనం ఇంతే, ఫ్యాక్షన్ రక్తంలో ఉంది, ఏమీ చేయలేం.

1989లో బూత్ ఆక్రమణను చట్టం ప్రత్యేక నేరంగా గుర్తించింది. 1990 డిసెంబరులో శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్ అయ్యారు. ఫొటో గుర్తింపు కార్డు వచ్చింది, కేంద్ర బలగాలు, విడతల పోలింగు వచ్చాయి. 2004 నాటికి దేశమంతా ఓటింగ్ యంత్రాలు. నిమిషానికి కొన్ని ఓట్లకు మించి పడనివ్వని యంత్రం ముందు గంటలో పెట్టె నింపే పద్ధతికి ఆట సాగలేదు. బలప్రయోగం పూర్తిగా పోలేదు, 2024లోనూ పల్నాడులో చూశాం. అయినా పాత రోజులతో పోలికే లేదు. ఆ పదిహేనేళ్లలో ఆ ఊళ్ల మనుషులకు ఎవరూ నీతిపాఠాలు చెప్పలేదు. పద్ధతి మారింది, బలం చూపించి లాభం లేకుండా పోయింది. బలం విషయంలో సాధ్యమైంది డబ్బు విషయంలో ఎందుకు సాధ్యం కాదో "ముందు జనం మారాలి" అనేవాళ్లు చెప్పాలి.

5. జాబితా, అంపైరు

ఓటరు ఎంత నీతిమంతుడైనా జాబితాలో పేరుంటేనే కదా ఓటు. 2018 డిసెంబరు 7న తెలంగాణలో కార్డు పట్టుకుని బూత్ దాకా వెళ్లి, పేరు లేదని వెనక్కి వచ్చినవాళ్లు కోకొల్లలు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి స్వయంగా క్షమాపణ చెప్పారు. 2025లో బిహార్ ప్రత్యేక సవరణలో ముసాయిదా జాబితా నుంచి దాదాపు 65 లక్షల పేర్లు పోయాయి. ఎవరివి, ఏ కారణంతో తీసేశారో ప్రకటించమని సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. చనిపోయినవాళ్ల పేర్లు తీసేయాల్సిందే, ఎవరూ కాదనరు. బతికున్నవాడి పేరు తీసేముందు ఇంటి తలుపు తట్టి చెప్పడం ఎన్నికల సంఘం బాధ్యత.

అంపైరు సంగతికొస్తే, 2023 మార్చిలో అనూప్ బరన్‌వాల్ కేసులో సుప్రీంకోర్టు, పార్లమెంటు చట్టం చేసేదాకా ఎన్నికల కమిషనర్లను ప్రధాని, ప్రతిపక్ష నేత, ప్రధాన న్యాయమూర్తి కలిసి ఎంపిక చేయాలంది. అదే డిసెంబరులో వచ్చిన చట్టం ప్రధాన న్యాయమూర్తిని తీసేసి, ఆ కుర్చీలో ప్రధాని ఎంచుకున్న కేంద్రమంత్రిని కూర్చోబెట్టింది. ముగ్గురిలో ఇద్దరు ఒకే పక్షం. ప్రతిపక్ష నేత హాజరు సంతకానికే మిగిలారు. ఎంపికైన మనిషి ఎంత మంచివాడైనా, ఈ పద్ధతిలో వచ్చాక ఓడినవాడికి నమ్మకం కుదరదు. ఎన్నిక నిలిచేది ఓడినవాడి నమ్మకం మీదే.

కోర్టుకు వెళ్దామంటే, ఎన్నికల పిటిషన్‌ను ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటోంది. వేములవాడలో చెన్నమనేని రమేశ్ పౌరసత్వ వివాదం 2009లో ఆయన మొదటి గెలుపు నుంచీ నడిచింది. ఆయన ఎన్నిక చెల్లదని 2013లో హైకోర్టు అంటే పైకోర్టులో స్టే వచ్చింది. ఆ తర్వాత 2014లో, 2018లో మళ్లీ గెలిచారు. ఆయన జర్మనీ పౌరుడేనంటూ 30 లక్షలు చెల్లించమని తెలంగాణ హైకోర్టు చెప్పింది 2024 డిసెంబరులో. అప్పటికి ఆ సీట్లో వేరే ఎమ్మెల్యే కూర్చుని ఏడాదైంది.

6. తిట్టేవాళ్లు ఓటేస్తున్నారా?

క్లుప్తంగా చెబుతాను. 2022లో మునుగోడులో 93 శాతం పోలింగు. 2024లో హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగం కూడా దాటలేదు. నగరంలో జాబితా తప్పులు, ఇళ్లు మారడం లాంటి కారణాలు ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ పోలింగు రోజు సెలవు తీసుకుని ఇంట్లో ఉండిపోయి, పల్లె ఓటరుకు నీతి చెప్పే హక్కు ఎవరికీ లేదు.

7. మార్చాల్సినవి

పార్టీ ఖర్చుకు పరిమితి పెట్టాలి, లెక్క కనీసం ఎన్నికకు ఏడాది ముందు నుంచి మొదలవ్వాలి. ఇరవై వేలలోపు విరాళాలకు పేరు చెప్పనక్కర్లేదన్న వెసులుబాటు పోవాలి. పార్టీ ఖాతాలను పార్టీ ఎంచుకోని ఆడిటర్ తనిఖీ చేయాలి. డబ్బు పంచడం వారెంటు అవసరం లేని నేరం కావాలి. పంపిణీ వల్ల రద్దయిన ఎన్నికలో బాధ్యుడని తేలిన అభ్యర్థి మళ్లీ ఆ బరిలో నిలబడకూడదు. సాక్ష్యం చెప్పే ఓటరుకు శిక్ష నుంచి మినహాయింపు ఇవ్వాలి. కమిషనర్ల ఎంపికలో ప్రభుత్వానికి మెజారిటీ ఉండకూడదు. ఎన్నికల పిటిషన్ల కోసం హైకోర్టుల్లో వేరే బెంచీలు పెట్టి, ఏడాదిలో తీర్పు రాకపోతే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ప్రభుత్వమే ఎన్నికల ఖర్చు భరించాలన్న ఇంద్రజిత్ గుప్తా కమిటీ ఆలోచన మంచిదే. కానీ పార్టీ ఖర్చుకు కళ్లెం వేయకుండా ప్రజల సొమ్ము ఇస్తే అది ఉన్న డబ్బుకు అదనపు డబ్బే అవుతుంది.

వీటిలో ఒక్కదానికీ ఓటరు మనసు మారాల్సిన అవసరం లేదు. లోక్‌సభ, రాజ్యసభ సభ్యులు చెయ్యెత్తితే చాలు. 2024 డిసెంబరులో దేశమంతా ఒకేసారి ఎన్నికలు జరపడానికి 129వ రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టారు. ఎన్నికల ఖర్చు తగ్గుతుందన్నది దానికి చెప్పిన కారణాల్లో ఒకటి. ఆ బిల్లులో పార్టీల ఖర్చుకు పరిమితి పెట్టే వాక్యం ఒక్కటి కూడా లేదు. తేదీల కోసం రాజ్యాంగాన్నే సవరించడానికి సిద్ధపడిన పార్టీలు, 77వ సెక్షన్‌లో 1974లో తాము పెట్టిన కన్నం పూడ్చడానికి మాత్రం జనం మారేదాకా ఆగాలంటున్నాయి. 2029లో ఓటు అడగడానికి వచ్చే ప్రతి ఎంపీనీ, ఆ సెక్షన్ మీద మీ పార్టీ ఏ బిల్లు పెట్టిందో, పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో చెప్పమని నిలదీయాలి. కవరు తీసుకున్నవాళ్లకూ ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది.